పోగులు తీసిన కిటికీ

మొన్న ఆదివారం పొద్దున నా ఫోనుకు ఒక వీడియో వచ్చింది. అందులో ఆకుపచ్చ గుడ్డ తప్ప ఇంకేమీ లేదు. గుడ్డ గాలికి ఉబ్బుతోంది, మళ్లీ చదునవుతోంది. దూరంగా మైకులో ఎవరో ఇంగ్లిషులో అరుస్తున్నారు. ఉన్నట్టుండి చెవులు చిల్లులు పడేంత మోత. గుడ్డ వణికింది. మోత ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు వెళ్లిపోయింది. కింద ఇలా రాసి ఉంది: "అక్కా, గిదే మా ఎయిర్ షో. మంచిగ కనవడుతుందా?" పక్కన మూడు నవ్వు బొమ్మలు.

పంపింది కథలాపూర్ కాక కొడుకు. ఇద్దరు పిల్లల తండ్రి. వాళ్ల నాన్న, మా బాపు ఒకప్పుడు కలిసి పనిచేసిన ఎడారి దేశపు సముద్రతీర నగరంలోనే ఇప్పుడు వెల్డింగు చేస్తున్నాడు.

నేను జవాబు రాయలేదు. ఆ వీడియోను ఏడెనిమిది సార్లు విన్నాను. ఆ మోత నాకు తెలుసు. ఆ నగరాన్ని నేను చూడలేదు, ఇంతవరకు విమానం ఎక్కలేదు. కాలేజీ లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు వేసే ఉద్యోగం నాది. నలుగురు కలిసి వస్తే బీరువా వెనక్కి వెళ్లే మనిషిని. అయినా ఆ నగరంలో ఏటా చలికాలంలో జరిగే విమానాల ప్రదర్శనకు ఒక చరిత్ర ఉంటే, అది నా దగ్గర ఉంది. పాత నోటుబుక్కు చివరి పేజీల్లో, నీలం సిరాతో, ఏడాదికి రెండు మూడు లైన్లు. అది మొదలుపెట్టినప్పుడు నేను ఏడో తరగతి.

అంతకుముందు మేము సిరిసిల్లలో ఉండేవాళ్లం. బాపు మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాళ్లం, అది ఆగితేనే మాకు తోచేది కాదు. అలాంటిది ఒక ఏడు మా వీధిలో షెడ్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. మొదట వారంలో నాలుగు రోజులు నడిచాయి, తర్వాత రెండు రోజులు. తర్వాత వీధిలో కోడి కూసినా వినపడేంత నిశ్శబ్దం. పొరుగున ఇద్దరు మగ్గాల పని వెతుక్కుంటూ భివండి వెళ్లారు. బాపు గల్ఫ్ వెళ్లాడు. నేత తప్ప వేరే పని రాని మనిషిని అక్కడ గునపం పట్టించారు, కుర్చీలు మోయించారు, గుంజలు పాతించారు.

అవ్వ నన్ను తీసుకొని కోరుట్లలో తన పుట్టింటికి వచ్చింది. మేము అమ్మను అవ్వ అనే పిలుస్తాం. ఆ ఇంట్లో మేనమామ, అత్తమ్మ. ఎదురింట్లో పెద్దవ్వ. ఆమె మాకు చుట్టం కాదు, అందరికీ పెద్దవ్వే. పొద్దున అన్నం తిన్నాక ముగ్గురు ఆడవాళ్లూ మా వాకిట్లో చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చేయడానికి కూర్చునేవాళ్లు. నానబెట్టిన తునికాకును గోనెసంచిలో చుట్టి ఉంచేవాళ్లు. ఆ సంచి విప్పగానే వానకు తడిసిన అడవి వాసన వచ్చేది. దాని మీద తంబాకు ఘాటు. మా బట్టలకు, జడలకు, చివరికి తినే మక్కజొన్న గట్కకు కూడా ఆ వాసనే. బడిలో నా పక్కన కూర్చునే అమ్మాయి ముక్కు చిట్లిస్తే, ఆమె దగ్గర కూడా అదే వాసన అని చెప్పాలనుకునేదాన్ని. ఎప్పుడూ చెప్పలేదు. నోటుబుక్కులో రాసుకున్నాను.

ఉత్తరాలు రాయడం బాపుకు అంతగా రాదు. క్యాసెట్లు పంపేవాడు. సెలవు మీద ఊరికి వచ్చేవాళ్ల చేతికిస్తే, వాళ్లు తెచ్చి ఇచ్చేవాళ్లు. క్యాసెట్ సబ్బు కాగితంలో చుట్టి ఉండేది, అందుకని బాపు మాటలకు కూడా సబ్బు వాసన ఉందనిపించేది. మేనమామ టేపురికార్డరు గద్దె మీద పెట్టి మీట నొక్కే పని నాది. మొదట గర్రుమని చప్పుడు, తర్వాత బాపు దగ్గు, తర్వాత "ఆఁ... ఇనవడుతుందా?" అని ఒక ప్రశ్న. జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు కాసేపు ఆగేవాడు.

"ఇనవడుతుంది, చెప్పు బిడ్డా," అనేది పెద్దవ్వ, చేతిలో బీడీ చుట్టడం ఆపకుండానే. ప్రతిసారీ అనేది. అత్తమ్మ నవ్వితే, "ఎందుకు నవ్వుతున్నవే? అడిగినోనికి జవాబు చెప్పద్దా?" అని కసిరేది.

మొదటి చలికాలం వచ్చిన క్యాసెట్‌లో బాపు గొంతు వేరుగా ఉంది. చిన్నపిల్లవాడి గొంతులా ఉంది.

"బిడ్డా, నిన్న గిక్కడ విమానాల జాతరైంది. మన ఏములాడ రాజన్న జాతర లెక్కనే జనం. ఇసుకల ఎవలకు దొరికిన కాడ వాళ్లు కూసున్నం. నేను, కథలాపూర్ కాక అన్నం గిన్నెలు అక్కడికే తీసుకపోయినం. రెండు విమానాలు అటొకటి ఇటొకటి, మగ్గంల నాడె ఉరికినట్టే ఉరికినయి బిడ్డా. గుద్దుకుంటయని కళ్లు మూసుకున్న. తెరిసేసరికి ఆకాశం మీద తెల్లగ నేత పడ్డది. ఇంకో ముచ్చట. విమానం ముందు పోతది, సప్పుడు ఎనుకకెల్లి అస్తది. మన పెద్దవ్వ లెక్క. మనిషి గల్మ దాటిపోయినంక గొంతు ఇనవడ్తది."

"నా మీద వడ్డడేంది వీడు!" అంది పెద్దవ్వ. కానీ ఆ ముక్క మళ్లీ పెట్టమని రెండుసార్లు అడిగింది.

తర్వాత బాపు ఆ మోత వినిపించాడు. రికార్డరును ఆకాశం వైపు ఎత్తి పట్టుకున్నాడట. మా వాకిట్లో కోళ్లు చెదిరిపోయాయి. ఆ రోజు నోటుబుక్కు చివరి పేజీ తిప్పి రాశాను: "మొదటి ఏడు. ఇసుకలో కూర్చొని చూశారు. టికెట్టు లేదు."

ఆ మోతను నేను దొంగతనంగా ఎన్నిసార్లు విన్నానో. ఒకసారి వెనక్కి తిప్పుతుంటే టేపు లోపల చిక్కుకొని పేగుల్లా బయటికి వచ్చింది, తెగింది. పెన్సిల్ దూర్చి తిప్పి, తెగిన చోట బీడీ కట్టలకు చీటీలు అంటించే మైదా లైతో అతికించాను. అప్పటి నుంచి ఆ క్యాసెట్‌లో బాపు "అవ్వను మంచిగ" అన్నాక ఒక ఎక్కిలి వచ్చి "కథలాపూర్ కాక" అనేవాడు. మధ్యలో ఏం చెప్పాడో పోయింది. అవ్వ ఆ చోటు వచ్చినప్పుడల్లా నా వైపు చూసేది.

ఈ కథలాపూర్ కాక కల్లుగీత కుటుంబం మనిషి. ఆ పని సాగక బాపు వెళ్లిన విమానంలోనే వెళ్లాడు. చెట్టెక్కే మోకు సంచిలో పెట్టుకొని పోయాడట. అక్కడేం చెట్లున్నాయని ఏజెంటు మనిషి నవ్వితే, ఉంచుకుంటే ఏం పోతుందన్నాడట. ఆ మోకే తర్వాత పనికొచ్చింది.

రెండో ఏడు బాపువాళ్లే అక్కడ కుర్చీలు వేశారు, కర్ర కంచె కట్టారు. ఆట అయ్యాక చెత్త ఏరారు. చివరి వరుస వెనక నిలబడి చూశారు. "మెడలు నొచ్చినయి గని సగం కనవడ్డది," అన్నాడు. మూడో ఏడు ఆట ఇంకా పెద్దదయింది. పెద్దవాళ్లు కూర్చునే మెట్లకు సరిగ్గా ఎదురుగా వీళ్లు ఉండే క్యాంపు పడింది. రేకుల గదులు, తాళ్ల మీద ఆరేసిన లుంగీలు, బనీన్లు. అవి పెద్దవాళ్ల కళ్లకు పడకూడదని అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ కట్టమన్నారు. ఎత్తైన గుంజలు ఎక్కగలిగిన వాడు కాక ఒక్కడే. మోకు వేసుకొని ఎక్కి, తమను దాచే గుడ్డను తన చేతులతోనే కట్టాడు. రేకుల పైకి ఎక్కి నిలబడితే పని పోతుందని కూడా చెప్పారు.

"ఈసారి సప్పుడే బిడ్డా," అన్నాడు బాపు ఆ క్యాసెట్‌లో. ఆ మోత కూడా చిన్నగా, దుప్పటి కప్పుకొని వింటున్నట్టు వచ్చింది. పెద్దవ్వ ఆ రోజు జోకు వేయలేదు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, నాలుగో చలికాలం, క్యాసెట్ రాలేదు. బాపే వచ్చాడు.

చెప్పకుండా, మిట్టమధ్యాహ్నం, ఒక్క చేతిసంచితో వచ్చాడు. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల వెంట తాళ్లతో బిగించిన అట్టపెట్టె ఉంటుంది. బాపు వెంట అది లేదు. "పని ఒడిసింది," అన్నాడు. కాళ్లు కడుక్కొని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాలుగు రోజులు ఆ ఒక్క మాటే.

వాడకట్టు ఊరుకుంటుందా? దొంగతనం చేశాడని ఒకరు, తాగి కొట్లాడాడని ఇంకొకరు. నల్లా దగ్గర ఒకామె అవ్వతో, "మీ ఆయిన ఏం తెచ్చిండక్కా?" అని అడిగింది. అవ్వ బిందె ఎత్తుకుంటూ, "తనను తాను తెచ్చుకున్నడు, సాలదా?" అంది.

మేనమామ జగిత్యాల వెళ్లి ఏజెంటును కలిసి వచ్చాడు. మేనమామ చెడ్డవాడు కాదు. మమ్మల్ని నాలుగేళ్లు ఇంట్లో ఉంచుకున్నవాడు. అవ్వ కంటే చిన్నవాడైనా, ఇంటికి పెద్దగా మాట్లాడి అలవాటయింది. వస్తూనే చెప్పాడు: "అక్కా, బావ కంపెనీ సామాను ఖరాబు చేసిండట. మాఫీనామా రాసిస్తే మల్ల తీసుకుంటరట. ఎల్లుండి పొద్దుమీకి రాపిద్దాం."

ఆ ఎల్లుండి మధ్యాహ్నమే క్యాసెట్ వచ్చింది. ఇబ్రహీంపట్నం ఆయన ఒకరు తెచ్చారు. బాపు, మేనమామ ఇద్దరూ బజారుకు వెళ్లారు. వాకిట్లో ముగ్గురు ఆడవాళ్లు, నేను. మీట నొక్కాను. బాపు దగ్గు లేదు. వేరే గొంతు.

"వొదినే, నేను కథలాపూరోన్ని. అన్న మీకు చెప్పడు. గందుకే నేను చెప్తున్న. ఈసారి గుడ్డ ఇంకింత పెద్దది తెచ్చిండ్రు. నేనే కట్టిన. కట్టినంక అన్న గుడ్డ దగ్గరికి పోయి వేళ్ల నడుమ పెట్టి సూసిండు. 'అరే, గిది నేసిన గుడ్డనేరా' అన్నడు. గడ్డం గీసుకునే బ్లేడుతోని అడ్డం పోగును గిక్కడోసారి గక్కడోసారి కోసిండు. నడుమ ముక్కను సూదితోని గుంజిండు. నిలువు పోగును ముట్టలే. గట్ల ఒక్కొక్కటి తీసుకుంట పోతే అరచెయ్యంత కిటికయింది. దూరంకెల్లి సూస్తే గుడ్డ గుడ్డ లెక్కనే ఉంటది. దగ్గరికి పోతే ఆకాశమంత కనవడ్తది. ఒక్కటి కాదు వొదినే. పొట్టోనికి కింద, పొడుగోనికి మీద, ఎవని ఎత్తుకు వానికి కొలిసి చేసిండు. నలభై మందిమి, నలభై కిటికీలు. నాలుగు రోజులు పట్టింది."

పెద్దవ్వ చేతిలో సగం చుట్టిన ఆకు విచ్చుకుపోయింది. చూసుకోలేదు.

"షో నాడు మంచిగ సూసినం. ఎర్రటి పొగ, నీలం పొగ... గని ఒక్క తప్పు చేసినం. ఆశకొద్ది అందరం మొకాలు గుడ్డకు ఆనిచ్చినం. అటు దిక్కు మెట్ల మీద కూసున్నోళ్లకు గుడ్డల నలభై మొకాలు బుడగల్లెక్క తేలినయట. ముక్కులు సుత కనవడ్డయట! విమానాలిడిసి మా దిక్కే సూసిండ్రట జనం. తెల్లారి మా ఆఫీసరచ్చి లైన్ల నిలవెట్టిండు. 'ఎవడు చింపిండు?' అన్నడు. ఒక్కడు నోరు తెరవలే. 'చెప్పకుంటే అందరిని పంపుత' అన్నడు. అన్న ముందుకు పోయిండు. నేను సుత పోదామంటే నా అంగి పట్టి ఎనుకకు గుంజిండు. నాకు ముగ్గురు పిల్లలని... గంతే వొదినే. పిల్లకు చెప్పుండ్రి, సప్పుడు పట్టిన అని."

తర్వాత మోత వచ్చింది. ఈసారి మోత కింద ఇంకేదో ఉంది. నలభై మంది మగవాళ్లు ఒక్కసారిగా "ఓఓఓ" అనడం.

పెద్దవ్వే మొదలుపెట్టింది. "ముక్కులు సుత కనవడ్డయట," అంది. భుజాలు కదిలాయి. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. అత్తమ్మ నవ్వింది. అవ్వ తల ఎత్తలేదు. బీడీకి దారం చుడుతూనే ఉంది. రెండు చుట్లు చుట్టాల్సినదానికి ఏడెనిమిది చుట్లు చుట్టింది.

సాయంత్రం ఎండ గోడ మీదికి జరిగేసరికి బాపు, మేనమామ వచ్చారు. మేనమామ తెల్ల కాగితం, కొత్త పెన్ను తెచ్చాడు. చేతిరాత మంచిదని నన్ను కూర్చోబెట్టాడు. బాపు గుమ్మం పక్కన తల వంచుకొని కూర్చున్నాడు. ఆడవాళ్లు చాటలు ఎత్తలేదు.

"రాయి. గౌరవనీయులైన సారు గారికి. నేను తెలివి లేక కంపెనీ గుడ్డను చింపిన. నాది తప్పైంది..."

"కంపెనీ గుడ్డను" వరకు రాశాను. పెన్ను అక్కడ ఆగింది.

"చింపలే," అన్నాను.

మేనమామ చుట్టూ చూశాడు, ఎవరు మాట్లాడారో అని. ఆ ఇంట్లో నాలుగేళ్లలో ఆయన నా గొంతు ఎన్నిసార్లు విన్నాడో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"ఏందే?"

"బాపు గుడ్డ చింపలే. పోగులు తీసిండు. చింపుడు వేరే."

"ఏదైతేంది? వాళ్లకు గావల్సిన మాట రాసిస్తే తీసుకుంటరు. బావ పోకుంటే ఇల్లెట్ల నడుస్తది? రేపటి సంది నువ్వు చాట ముందట కూసోవాలె. సదువు బంద్. పరీక్ష లేదు, ఏం లేదు. ఎరికేనా?"

ఎరికే. పరీక్షలకు ఇంకా మూడు నెలలున్నాయి. ఆ కాగితం మీద ఆ ఒక్క మాట రాస్తే నేను బడికి పోతాను. నాకంటే బాగా ఆ లెక్క ఎవరికీ తెలియదు. పెన్నుకు మూత పెట్టాను.

"కూసుంట," అన్నాను.

అప్పుడు బాపు తలెత్తాడు. వచ్చిన తర్వాత నన్ను సరిగ్గా చూడడం అదే మొదలు.

"బామ్మర్దీ," అన్నాడు నెమ్మదిగా, "మా నాయిన నేసిండు, నేను నేసిన. గుడ్డ చింపినోన్నని నా బిడ్డ చేతితోని రాపియ్యకు." తర్వాత నాతో, "మూత తియ్యి బిడ్డా. నేను చెప్త, రాయి. నలభై కిటికీలు చేసిన. ఒక్క నిలువు పోగు తెగలే. నమ్మకుంటే గుడ్డ తీసి సూసుకోండ్రి. గంతే. కింద నా పేరు రాయి."

నా జీవితంలో అంత మంచి చేతిరాతతో నేను మళ్లీ ఎప్పుడూ రాయలేదు.

మేనమామ ఆ కాగితం ముట్టనన్నాడు. పెద్దవ్వ లేచి, తంబాకు చేతులు చీరకు తుడుచుకొని, "ఇటియ్యి. పోస్టు డబ్బల నేనేస్త," అని తీసుకుంది. వేసింది కూడా. జవాబు రాలేదు.

బాపు జేబులోంచి అగ్గిపుల్లకు చుట్టిన ఆకుపచ్చ దారం తీసి నా చేతిలో పెట్టాడు. కిటికీల్లోంచి తీసిన పోగులు. ముడి వేసి, ముడి వేసి ఒక్క దారం చేశాడు. నేతగాడికి పోగు పారేయబుద్ధి కాదు. ఆ దారంతో నా నోటుబుక్కు కుట్టుకున్నాను. ఈ రోజుకీ అదే కుట్టు.

మర్నాడు చాట ముందు కూర్చున్నాను. కూసుంట అన్నాను కదా. ఆకు కత్తిరిస్తే వేలు తెగింది, చుడితే బీడీ జారింది. మూడో రోజు పెద్దవ్వ నా చాటలోని ఆకంతా తన చాటలో పోసుకుంది. "నీ వంతు మేం ముగ్గురం చుడ్తం. నువ్వు నీ పుస్తకం సదువు. గని మెల్లగ గొణుగుడు కాదు, మాకు ఇనవడాలె," అంది. అవ్వ, అత్తమ్మ చెరి ఇంత తీసుకున్నారు. అలా బడి మానకుండా, బడి నుంచి రాగానే వాకిట్లో పుస్తకం బయటికి చదివేదాన్ని. గొంతు పైకి తేవడం అక్కడే నేర్చుకున్నాను. మొక్కల పాఠం అత్తమ్మకు నచ్చింది. చరిత్ర పెద్దవ్వకు. "గా రాజు మల్ల ఓడిపోయిండా? వీనికి బుద్ధి రాదేందే!" అనేది. పరీక్షలో ఆ రాజు గురించే అడిగారు. పెద్దవ్వ గొంతు గుర్తొచ్చి నవ్వుకుంటూ రాశాను.

బాపు మళ్లీ సిరిసిల్లలో ఒకరి షెడ్డులో కూలికి చేరాడు. కొన్నాళ్లు నడిచేది, కొన్నాళ్లు ఆగేది. ఆ ఏడు మేము తిన్నది ఎక్కువగా గట్క, పచ్చిపులుసు. "విమానాలాయన" అని వెక్కిరింపు పేరు పడింది. పిలిస్తే పలికేవాడు. మేనమామ రెండేళ్లు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక రోజు ఏదో దరఖాస్తు రాయించుకోవడానికి వచ్చి, కాగితం నా ముందు పెట్టి, "నువ్వే రాయవ్వా. నేనైతే ఏం చెప్ప," అన్నాడు.

ప్రదర్శన మాత్రం ఆగలేదు. కాక అక్కడున్నన్నాళ్లు క్యాసెట్లలో, ఆ తర్వాత ఫోనులో కబురు చెప్పేవాడు. నేను రాసుకుంటూ వచ్చాను. "గుడ్డ మందం చేశారు." "వేరే ఒడ్డుకు మార్చారు. క్యాంపును కూడా మార్చారు. గుడ్డ కూడా." "ఈ ఏడు ఎవరూ ఇళ్లలోంచి రాలేదు, ఆట లేదు." "కాక వచ్చేశాడు." "కాక కొడుకు వెళ్లాడు." పేపర్లలో ఆ ఆట గురించి వచ్చేవి నేను కత్తిరించి పెట్టుకున్నాను. రంగు పొగలు, మెట్ల మీద జనం. ఒక్కదానిలోనూ గుడ్డ అవతలి మాట లేదు. అందుకే నా నోటుబుక్కే అసలు చరిత్ర అంటాను. ఎవరు నవ్వినా సరే.

పెద్దవ్వ పోయి చాలా ఏళ్లయింది. టేపురికార్డరు ఏ పాత సామాన్లవాడికి వెళ్లిందో. అవ్వ, బాపు ఇప్పుడు జగిత్యాలలో నా దగ్గరే ఉంటున్నారు.

ఆదివారం సాయంత్రం వీడియో బాపుకు చూపించాను. కంటి ఆపరేషన్ తర్వాత ఫోనును చాలా దగ్గరగా పట్టుకుంటాడు. మోత అయ్యేదాకా కదలలేదు.

"మల్ల పెట్టు. ఆఁ, గక్కడ ఆపు. పెద్దగ చెయ్యి."

పెద్దది చేశాను. వేలితో గుడ్డను రుద్ది చూశాడు, నిజంగా గుడ్డను తాకుతున్నట్టు. పెదవి విరిచాడు.

"గిది నేత కాదు బిడ్డా. ప్లాస్టిక్ పర్ద. పోగులు రావు."

గుడ్డ కట్టించేవాళ్లు నేర్చుకున్నారన్నమాట, అనుకున్నాను. ఫోను తీసుకోబోయాను. బాపు ఇవ్వలేదు. బొమ్మను పక్కకు జరపమన్నాడు. రెండు ముక్కలు కలిసిన చోట నిలువుగా తెల్లటి కుట్టు ఉంది.

"గిదేంది? బస్తా కుట్టు!" అన్నాడు. ముఖం విచ్చుకుంది. "వడ్ల బస్తా మూతికేసే కుట్టు. సరైన కొస దొరకాలె గంతే. పట్టి గుంజితే సర్రున అస్తది."

"బాపూ, గది చెప్తే కాక కొడుకు పని పోతది."

బాపు ఆ కుట్టు మీద ఇంకోసారి వేలు పోనిచ్చాడు. అవ్వ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పోవచ్చు," అన్నాడు. "గా మాట సుత చెప్త. తీసుడా, తీయకపోవుడా, ఆని ఇష్టం. గని గా కుట్టు రాదు అని మాత్రం వాడు అనుకోవద్దు."

"మొకం ఆనియ్యద్దని చెప్పు," అంది అవ్వ. "జానెడు దూరం నిలవడుమను."

నేను మాట రికార్డు చేసే గుర్తు మీద వేలు పెట్టి ఫోను బాపు నోటి దగ్గర పట్టుకున్నాను. బాపు దగ్గాడు.

"ఆఁ... ఇనవడుతుందా?" అన్నాడు. జవాబు కోసం ఆగాడు.

"ఇనవడుతుంది, చెప్పు," అన్నాను నేను, గట్టిగా.